చేతి నగకు చివరి రింగు

మానవుడు అలంకారప్రియుడన్నది అందరూ ఎరిగిన మాటే. అయితే నగను గూర్చి మాట్లాడేటప్పుడు మన దృష్టి రాళ్ళ మెరుపు మీద, పూసల వరుస మీద, లోహపు వన్నె మీద నిలుస్తుందే గాని, ఆ నగను మెడలో నిలిపి ఉంచే చిన్న రింగు మీద నిలువదు. కొలికి ఊడి హారం నేలపాలైన నాడు మాత్రమే అది గుర్తుకు వస్తుంది. మా విద్యార్థినులలో పలువురు సెలవు దినాలలో పూసల హారాలు, లోలాకులు, పట్టీలు తయారుచేసి ఇరుగుపొరుగు వారికి అమ్ముకొంటున్నారు. పూసలు గుచ్చడం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. నగను ముగించే విధానం మాత్రం శ్రద్ధగా నేర్చుకొనవలసిన విద్య. ఇల్లలకగానే పండుగ కాదన్నట్లు, పూసలు గుచ్చినంత మాత్రాన హారం పూర్తి కాదు. కావున ఆ చివరి రింగును భద్రంగా కలిపే పద్ధతిని ఈ వ్యాసంలో వివరింపదలచాము.

రాతి మాల, లోహపు మాల

మన ఖిలా వరంగల్‌లో కాకతీయుల నాటి తోరణాలు నాలుగు దిక్కులా నిలిచి ఉన్నవి. గణపతిదేవుడు (1199–1262), ఆయన కుమార్తె రుద్రమదేవి పాలనలో ఈ కోట రూపు దిద్దుకొన్నది. తోరణాల మీద పద్మాల మొగ్గలు, పక్షులు, వంపులు తిరిగి వ్రేలాడే మాలలు చెక్కబడి ఉన్నవి. 1213లో నిర్మితమై, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప దేవాలయంలోని మదనికల మెడలలో, నడుములపై, చేతులకు ఉన్న నగలను చూచినవారు కంసాలి పనినే రాతిలో చూచినట్లు ఆశ్చర్యపడతారు.

ఆ మాలలు ఏడెనిమిది వందల సంవత్సరాల ఎండవానలకు ఓర్చి నిలిచినవి. ఇందులో శిల్పికి ఒక సౌకర్యం ఉన్నది. మాల అంతా ఒకే రాయి. దానికి అతుకు లేదు, కొలికి లేదు. ఎవరూ దానిని మెడలో వేసుకొనరు, రాత్రికి తీసి పెట్టెలో పెట్టరు. నగ చేసేవానికి ఆ సౌకర్యం లేదు. ధరించి, మరల తీయవలసిన వస్తువుకు ఎక్కడో ఒకచోట తెరుపు ఉండి తీరవలె. తెరుపు ఉన్నచోటనే ప్రమాదమూ ఉన్నది. నగ చేయడంలోని జాగ్రత్త అంతా ఈ తెరుపు చుట్టూ తిరుగుతుంది.

రింగు అనగా నేమి?

గుండ్రని తీగను వలయంగా చుట్టి, ఒకచోట కోసినది రింగు. ఆంగ్లంలో దీనికి జంప్ రింగ్ అని పేరు. ఉర్దూ మాట్లాడే పనివారు కడీ అంటారు. హారపు చివరి పూసకు, కొక్కేనికి నడుమ ఇది ఉంటుంది. గొలుసుకు, బిళ్ళకు నడుమ ఉంటుంది. చెవి కొక్కేనికి, క్రింద వ్రేలాడే జుంకాకు నడుమ ఉంటుంది. మన ప్రాంతంలో హిందూ ఇల్లాలి మెడలోని నల్లపూసలకైనా, ముస్లిం వధువు ధరించే కాలీపోత్ లచ్ఛాకైనా కొనలను కలిపే సూత్రం ఒక్కటే. పేర్లు వేరైనా పని వేరు కాదు.

రింగు ఎందుకు తెరుచుకొంటుంది?

దీనికి మూడు కారణాలను చెప్పవచ్చును.

మొదటిది తీగ సన్నము. రింగును లాగినప్పుడు అది తెరుచుకొనకుండా తట్టుకొనగల బరువు తీగ మందాన్ని బట్టి చాలా వేగంగా మారుతుంది. వలయపు కొలత మారకుండా తీగ మందం రెట్టింపయితే, తట్టుకొనే బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. అదే తీగతో వలయాన్ని రెండింతలు వెడల్పు చేస్తే బలం సుమారు సగానికి పడిపోతుంది. కావున పెద్ద రింగు గట్టిదనుకోవడం పొరపాటు. లావు తీగతో చేసిన చిన్న రింగే గట్టిది.

రెండవది సందు. రెండు కొనలు పూర్తిగా తాకకుండా వెంట్రుక వాసి ఎడం మిగిలినా, దారం మెల్లగా ఆ సందులోనికి జారుతుంది. కొన పదునుగా ఉంటే రోజూ కొంచెం కొంచెంగా దారాన్ని కోస్తుంది. తెగిన దారాన్ని చూచి దారం నాసిరకమని మనం అంటాము. దోషం చాలాసార్లు రింగుదే.

మూడవది లోహపు స్వభావం. వంచిన తీగకు కొంత వెనుకకు మరలే గుణం ఉన్నది. మనం కొనలను సరిగ్గా ఎదురెదురుగా తెచ్చి విడిచినప్పుడు అవి మరల కొద్దిగా ఎడమవుతాయి. ఈ సంగతి తెలియనివారు రింగు మూసితిమనుకొంటారు. అది మూసుకొని ఉండదు.

తీగ ఎంపిక, కొలతలు

మన బజారులో తీగను గేజి నంబరుతో అమ్ముతారు. నంబరు పెరిగిన కొద్దీ తీగ సన్నబడుతుందని క్రొత్తవారు గుర్తుంచుకొనవలె. ప్రామాణిక గేజిలో 22 నంబరు తీగ మందం సుమారు 0.71 మిల్లీమీటర్లు, 20 నంబరు 0.91, 18 నంబరు 1.22. చూపుకు ఈ తేడా స్వల్పమే. వలయపు కొలత ఒకటే అయినప్పుడు 22 నంబరు నుండి 20 నంబరుకు మారితే బలం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. తీగకయ్యే అదనపు ఖర్చు పైసలలోనే ఉంటుంది.

తేలికైన లోలాకులకు 22 నంబరు తీగతో 3 మిల్లీమీటర్ల లోపలి కొలత గల రింగు చాలును. హారపు కొనలకు 20 నంబరు తీగ, 4 మిల్లీమీటర్ల కొలత మంచిది. బరువైన బిళ్ళకు 18 నంబరు తీగ, 5 మిల్లీమీటర్ల కొలత ఉండవలె. లోపలి కొలత తీగ మందానికి నాలుగైదు రెట్లకు మించకుండా చూచుకొంటే ఏ నగలోనైనా ఇబ్బంది ఉండదు.

రింగులను ఇంటిలోనే చేసుకొనవచ్చును. నునుపైన ఇనుప కడ్డీ గాని, అల్లిక సూది గాని తీసుకొని, తీగను వరుసకు వరుస ఆనుకొనేట్లు బిగువుగా చుట్టవలె. చుట్టిన దానిని కడ్డీ నుండి జార్చి ఒకే గీత వెంబడి కోయవలె. కోయడంలోనే మెలకువ ఉన్నది. మామూలు కత్తెర పటకారుతో కోస్తే ఒక కొన చదునుగా, రెండవ కొన నొక్కుకొని మొనదేలి ఉంటుంది. అట్టి కొనలు ఎంత నొక్కినా పూర్తిగా తాకవు. సన్నని రంపపు బ్లేడుతో కోస్తే రెండు ముఖాలూ చదునుగా వస్తాయి. రంపం లేనప్పుడు ప్రతి కోతకు పటకారును తిప్పి పట్టి, మొనదేలిన కొనను మరల కత్తిరించి, ఆకురాయితో రెండు కొనలనూ చదును చేయవలె. 4 మిల్లీమీటర్ల రింగుకు 20 నంబరు తీగ సుమారు 15 మిల్లీమీటర్లు పడుతుంది. కోతలో పోయినది పోగా ఒక మీటరు తీగకు 60 రింగులు వస్తాయి.

లోహాలలో రాగి మెత్తనిది, వంచడానికి సులువు, కనుక అభ్యాసానికి అనుకూలం. ఇత్తడి దానికంటె గట్టిది. స్వచ్ఛమైన వెండి మిక్కిలి మెత్తన. అందుచేత నూటికి 92.5 పాళ్ళ వెండికి తక్కినది రాగి కలిపి వాడుతారు. స్టీలు తీగ బలమైనదే గాని వెనుకకు మరలే గుణం ఎక్కువ కనుక, మూయడంలో ఎక్కువ శ్రమ ఉన్నది. నికెల్ పూత పూసిన చౌక రింగులు కొందరి చర్మానికి పడక దురదను, పొక్కులను కలిగిస్తాయి. మెడకు, చెవికి తగిలే నగలో వాటిని మానడం మేలు.

తెరచుట, మూయుట

ఇది పాఠంలో ముఖ్యమైన భాగం. రెండు పటకారులు కావలె. వాటి మూతి లోపల గాట్లు లేకుండా నునుపుగా ఉండవలె. గాట్లున్న పటకారు తీగపై మచ్చలు చేస్తుంది, ఆ మచ్చల దగ్గరనే తీగ తరువాత విరుగుతుంది.

రింగు కోత పైకి వచ్చేట్లు పట్టుకొనవలె. కోతకు కుడివైపున ఒక పటకారు, ఎడమవైపున ఒక పటకారు పట్టవలె. ఇప్పుడు ఒక చేతిని మన వైపుకు, రెండవ చేతిని ఎదుటి వైపుకు త్రిప్పవలె. కొనలు ముందు వెనుకలకు తొలగి దారి ఇస్తాయి. కొనలను కుడి ఎడమలకు లాగి తెరవరాదు. అట్లు లాగినప్పుడు వలయమంతటా వంపు చెడిపోతుంది, మరల మూసినా గుండ్రంగా రాదు, కొనలు ఒకదానికొకటి సూటిగా నిలువవు. ప్రక్కకు త్రిప్పినప్పుడు వలయపు గుండ్రదనం చెడదు.

మూసేటప్పుడు అదే మార్గంలో వెనుకకు రావలె. కాని కొనలు ఎదురుపడిన చోట ఆగరాదు. తీగ వెనుకకు మరలుతుందని పైన చెప్పితిమి గదా. కావున కొనలను కొద్దిగా దాటించి, మరల వెనుకకు తెచ్చి, ఈ కదలికలోనే రెండు కొనలనూ లోపలికి మెల్లగా నెట్టవలె. రెండు మూడుసార్లు ఇట్లు చేయగా కొనలు ఒకదానినొకటి రాచుకొంటున్నట్లు చేతికి తెలుస్తుంది, ఒక్కొక్కసారి చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. అప్పుడు వాటిని సరిగ్గా ఎదురెదురుగా నిలిపి విడువవలె. కొనలు ఒకదానినొకటి నెట్టుకొంటూ నిలిచిన రింగు తనంతట తాను తెరుచుకొనదు.

ఒక హెచ్చరిక కూడా ఉన్నది. వంచిన ప్రతిసారీ లోహం గట్టిపడుతుంది. రెండు మూడుసార్ల వరకు ఈ గట్టిదనం మనకు మేలే చేస్తుంది. అదే రింగును పదేపదే తెరచి మూస్తే అది పెళుసై విరుగుతుంది. ఒకసారి వాడి విప్పిన రింగును మరల అమ్మకపు నగలో పెట్టకుండా అభ్యాసానికి ఉంచుకొనవలె.

నాలుగు పరీక్షలు

నగను డబ్బాలో పెట్టకముందు ప్రతి రింగునూ నాలుగు విధాల పరీక్షించవలెనని మా అభిప్రాయం. మొదట కోత మీదుగా గోరు పోనివ్వవలె. గోరు తట్టుకొంటే కొనలు సమంగా లేవన్నమాట. రెండవది, రింగును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవలె. సందులో వెలుగు గీత కనబడితే మరల మూయవలె. మూడవది, సన్నని కుట్టు దారాన్ని రింగులో దూర్చి కోత ఉన్న వైపుకు లాగవలె. దారం బయటకు వచ్చెనా, రేపు పూసల దారమూ అట్లే వస్తుంది. నాలుగవది, హారాన్ని రెండు చేతులా పట్టి, మెడలో చిక్కుకొన్నప్పుడు లాగినంత బలంతో లాగి, మరల వెలుతురుకు పట్టి చూడవలె. ఒక్కొక్క రింగుకు ఇదంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టదు.

అతుకు ఎప్పుడు అవసరం?

ఎంత బాగా మూసినా కోత కోతయే. లోహాన్ని లోహంతో కలిపినచోట, అనగా గొలుసుకు కొక్కెం తగిలించే చోట, బాగా మూసిన రింగు చాలును. దారం నేరుగా రింగుకు కట్టవలసి వచ్చినప్పుడు అతికిన రింగునే వాడవలె. అది లేనప్పుడు తాళపుచెవుల రింగు వలె తీగ రెండు చుట్లు తిరిగిన రింగును వాడవలె. పుస్తెల వంటి విలువైన వాటిని అతకని రింగుకు ఎన్నడూ అప్పగించరాదు.

ఈ విషయం పూర్వులకు బాగా తెలుసు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగాన్ని చూచినవారికి లోహపు రింగులతో అల్లిన కవచాలు జ్ఞాపకముండును. ఉర్దూలో వీటిని జిరహ్ అంటారు. మేలురకం జిరహ్‌లో ప్రతి రింగు కొనలనూ ఒకదానిపై ఒకటి ఎక్కించి, చిన్న మేకుతో బిగించేవారు. కొనలను కేవలం తాకించి విడిచిన రింగు ఈటె మొన తాకిడికి తెరుచుకొంటుంది. సైనికుని ప్రాణం రింగు కొనల మీద ఆధారపడి ఉండేదనడం అతిశయోక్తి కాదు.

నగ పనిలో మేకుకు బదులు అతుకు ఉన్నది. మనకు సమీపాననే ఉన్న కరీంనగర్ వెండి తీగ పని ఇందుకు మంచి ఉదాహరణ. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో వెంట్రుక వంటి వెండి తీగలను మెలివేసి, వంచి, లావు తీగ చట్రంలో అమర్చి, వెలిగారం సాయంతో అతుకుతారు. ఒక్క భరిణెలో ఎన్ని తీగ కొనలుంటాయో లెక్కించడం కష్టం. అవన్నీ కదలకుండా నిలుస్తున్నవంటే అది అతుకు మహిమయే.

రింగును అతికే సూత్రం కూడా అదే. అసలు లోహం కంటె తక్కువ వేడికి కరిగే మిశ్రమ లోహపు తునకను కోత మీద ఉంచి, వెలిగారం పూసి వేడి చేయవలె. వెండి 962 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, బంగారం 1064 డిగ్రీల వద్ద కరుగుతుంది. అతుకు లోహం అంతకంటె ముందే కరిగి కోతలోనికి ప్రవహిస్తుంది. ఇక్కడ కూడా మూయడంలోని నేర్పే ప్రధానం, ఎందుకంటె అతుకు లోహం సందులను పూడ్చలేదు. కొనలు తాకి ఉన్నప్పుడే అది వాటి నడుమ ప్రాకుతుంది. వేడిని ఒక్క కోత మీదనే గాక రింగంతటా సమంగా పెట్టవలె, లేకున్నచో వేడి ఎక్కువైన వైపుకే అతుకు లోహం పరుగెత్తుతుంది. ముత్యాలకు, లక్కకు, దారానికి వేడి పనికిరాదు కనుక అతికే పని గుచ్చక ముందే ముగియవలె.

విద్యార్థులు ఈ పనిని అనుభవజ్ఞుడైన కంసాలి సమక్షంలోనే నేర్చుకొనవలె. అతుకు లోహంలో కాడ్మియం కలిపే పద్ధతి మన దేశంలో బాగా వ్యాపించింది. బజారులో వినిపించే కె.డి.ఎం. అన్న మాట దాని నుండి వచ్చినదే. కాడ్మియం 767 డిగ్రీల వద్దనే మరిగి ఆవిరి అవుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు హాని చేస్తుంది. కాడ్మియం లేని అతుకు లోహాన్నే అడిగి తీసుకొనవలె.

ముద్ర చెప్పేది, చెప్పనిది

బంగారు నగలపై హాల్‌మార్కు ముద్రను 2021 జూన్ 16 నుండి దశలవారీగా తప్పనిసరి చేశారు. 22 క్యారెట్ల నగపై 916 అన్న అంకె ఉంటుంది, అనగా వెయ్యికి 916 పాళ్ళు స్వచ్ఛమైన బంగారం. కొనేవారికి ఇది గొప్ప రక్షణ. అయితే ఆ ముద్ర బంగారపు స్వచ్ఛతను మాత్రమే చెబుతుంది. కొక్కెం దగ్గరి రింగు మూసుకొన్నదో లేదో, అరిగిపోయినదో లేదో ఏ ముద్రా చెప్పదు. దానిని కొనేవారి కన్ను, చేసేవారి మనస్సాక్షి చూచుకొనవలె.

అరుగుదలను గూర్చి కూడా ఒక మాట. 22 క్యారెట్ల బంగారం మెత్తన. రింగు రింగును రాచుకొంటూ సంవత్సరాల తరబడి తిరిగినప్పుడు, తాకే చోట తీగ పలుచబడుతుంది. అతుకు ఎంత గట్టిదైనా ఈ అరుగుదలను ఆపలేదు. సంవత్సరానికి ఒకసారి, పండుగకు నగలను శుభ్రం చేసే సమయంలో, కొక్కెం దగ్గరి రింగులను పరీక్షగా చూడవలె. తీగ మందం సగమై కనబడితే వెంటనే మార్పించవలె. మన ఇళ్ళలో పుస్తెల గొలుసు అలంకారం మాత్రమే కాదు. బిడ్డ చదువుకో, ఇంట్లో జబ్బుకో కుదువ పెట్టి డబ్బు తెచ్చుకొనే ఆస్తి అది. ఆ ఆస్తి అంతా ఒక్క రింగుకు వ్రేలాడుతున్నది.

ఇంత శ్రద్ధ ఎందుకు?

ఒక విద్యార్థిని 200 రూపాయలకు ఒక పూసల హారం అమ్మినదనుకొందాము. అందులో రింగుల ఖర్చు రెండు మూడు రూపాయలకు మించదు. ఆ రింగు పెళ్ళి పందిట్లో తెరుచుకొని పూసలు చెదిరిపోతే, కొన్న ఆమె రింగును నిందించదు, హారం చేసిన పిల్లను నిందిస్తుంది. ఆ వీధిలో తిరిగి ఎవరూ ఆమె దగ్గర కొనరు. పెట్టుబడి లేకుండా పని మొదలుపెట్టిన వారికి మాట ఒక్కటే మూలధనం. అది పోయిన తరువాత ఎంత అందమైన హారం గుచ్చినా అమ్ముడుపోదు. చదువు కొనసాగించడానికి తన చేతి సంపాదన మీదనే ఆధారపడిన విద్యార్థినికి ఇది చిన్న విషయం కాదు.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ వారికి ఒక మనవి. నునుపు మూతి గల పటకారుల జతలు కొన్ని, రంపపు బ్లేళ్ళు, ఆకురాళ్ళు, రాగి తీగ చుట్టలు కొన్ని సమకూర్చి, వారానికి ఒక గంట అభ్యాసానికి కేటాయించగలిగితే, ఈ విద్యను పలువురు నేర్చుకొనగలరు. ఊరిలోని వృత్తి కంసాలులలో ఒకరిని అప్పుడప్పుడు పిలిపించి అతుకు పని చూపించే ఏర్పాటు చేస్తే మరింత మేలు. ఇందుకయ్యే వ్యయం స్వల్పం.

విద్యార్థులకు మేము చెప్పేది ఒక్కటే. ముందుగా రాగి తీగతో ఒక వంద రింగులు చేసి, తెరచి, మూసి, పరీక్షించండి. మొదటి ఇరవై రింగులలో వెలుగు గీత కనబడితే నిరుత్సాహపడవద్దు. వందవ రింగు నాటికి చేతికి ఆ రాపిడి తెలిసి వస్తుంది. ఆ తరువాతనే అమ్మకపు హారానికి చేయి పెట్టండి. కొన్నవారికి మీ రింగు ఉన్నదన్న సంగతే తెలియకుండా హారం సంవత్సరాల తరబడి మెడలో నిలిచినదంటే, మీ పని నెరవేరినట్లే.